తలుపు తీయకముందే అలిసిపోయే సర్వర్లు

కొన్నేళ్ల కిందట ఓ చిన్న సంస్థకు సర్వర్లు చూసిపెట్టే పని చేసేవాణ్ణి. ఒక శనివారం రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. "సైట్ ఓపెన్ కావడం లేదండీ" అన్నారు అవతలి నుంచి. లాగిన్ అయి చూస్తే సీపీయూ నూటికి నూరు దగ్గర నిలిచిపోయి ఉంది. జనం ఎగబడ్డారేమో అనుకుని యాక్సెస్ లాగ్ తెరిచాను. పదకొండు తర్వాత పట్టుమని పది లైన్లు లేవు. వచ్చి అడిగినవాడు లేడు, సర్వర్ మాత్రం ఆయాసపడుతోంది. రీస్టార్ట్ చేస్తే రెండు నిమిషాలు బాగానే ఉండి మళ్లీ మొదటికొచ్చింది.

ఆ లాగ్ ఎందుకు ఖాళీగా ఉందో అర్థమయ్యేసరికి తెల్లారింది. యాక్సెస్ లాగ్‌లో ఒక లైన్ పడాలంటే ముందు ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్ కుదరాలి, తర్వాత ఫలానా పేజీ కావాలని అడగాలి. మా మీద పడినవాడు అంతదాకా రానేలేదు. గుమ్మంలో నిలబడి పలకరింపు మొదలుపెట్టడం, అది పూర్తికాకుండానే మళ్లీ మొదలుపెట్టడం, అదే పనిగా అదే.

సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్లను అందుకునే తీరులో బయటపడ్డ సేవా నిరాకరణ లోపాలను, అంటే వాడుకలో డాస్ అనే వాటిని, ఒక వరసలో పెట్టి చూద్దాం. ఇవి రహస్యాలు దోచుకునే లోపాలు కావు. తాళం పగలదు, పాస్‌వర్డ్ పోదు. తలుపు మాత్రం తెరుచుకోదు. గత పదిహేనేళ్లలో వచ్చినవాటిని పక్కపక్కన పెడితే విడివిడిగా చూసినప్పుడు కనిపించని పోలిక ఒకటి తేలుతుంది. దాదాపు అన్నిటా తప్పు గుప్తలిపి గణితానిది కాదు. ముక్కూ మొహం తెలియనివాడికి సర్వర్ చేసే అతిమర్యాదది.

పలకరింపు ఖరీదు

ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్‌కు నేటి ప్రమాణం టీఎల్‌ఎస్. 1995లో నెట్‌స్కేప్ విడుదల చేసిన ఎస్‌ఎస్‌ఎల్ దీనికి పూర్వీకుడు. 1999లో అది టీఎల్‌ఎస్ 1.0 అయింది, 2008లో 1.2, 2018లో 1.3 వచ్చాయి. వెర్షన్ ఏదైనా తొలి అంకం హ్యాండ్‌షేక్. బ్రౌజర్ "క్లయింట్ హలో" అనే సందేశంలో తనకు తెలిసిన పద్ధతులన్నీ ఏకరువు పెడుతుంది. సర్వర్ వాటిలో ఒకటి ఎంచుకుని, తన సర్టిఫికెట్ చూపించి, ఇద్దరికే తెలిసే కీ తయారు కావడానికి లెక్కలు కడుతుంది.

ఈ లెక్కల భారం ఇద్దరి మీదా సమానంగా పడదు. చాలాకాలం రాజ్యమేలిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతినే చూడండి. బ్రౌజర్ ఒక రహస్యాన్ని సర్వర్ పబ్లిక్ కీతో మూసి పంపాలి. పబ్లిక్ కీలోని ఘాతం సాధారణంగా 65537, చాలా చిన్నది కాబట్టి ఆ పని చిటికెలో అయిపోతుంది. దాన్ని తెరవడానికి సర్వర్ వాడే ప్రైవేట్ ఘాతం మాత్రం రెండు వేల బిట్ల పొడుగుంటుంది. పైగా దాడి చేసేవాడు నిజంగా రహస్యాన్ని మూసి పంపాల్సిన పని కూడా లేదు. నోటికొచ్చిన అంకెలు పంపినా అవి చెత్త అని తెలుసుకోవడానికి సర్వర్ ఆ పెద్ద లెక్క కట్టి తీరాలి.

2011 అక్టోబరులో "ద హ్యాకర్స్ చాయిస్" అనే బృందం ఈ సంగతిని ఒక చిన్న ప్రోగ్రాంగా రాసి బజారులో పెట్టింది. కనెక్షన్ కుదరడానికి సర్వర్‌కు అయ్యే ఖర్చు క్లయింట్‌కు అయ్యేదానికి 15 రెట్లని వాళ్లు లెక్క చెప్పారు. వేల కంప్యూటర్ల సైన్యం అక్కర్లేదు, ఒక ల్యాప్‌టాప్ చాలన్నది వాళ్ల వాదన. అందులో కోడింగ్ పొరపాటేమీ లేదు. సర్వర్ ప్రమాణంలో రాసింది రాసినట్టే చేస్తోంది, అదే దాని కొంప ముంచుతోంది.

పదేళ్ల తర్వాత, 2021 నవంబరులో, ఇదే తర్కం డిఫీ-హెల్మన్ కీ మార్పిడి మీద "డీహీట్" పేరుతో మళ్లీ ప్రత్యక్షమైంది. ఆ పద్ధతిలో టీఎల్‌ఎస్ 1.2 సర్వర్ క్లయింట్ హలో అందగానే తన వాటా లెక్క చేసి, సంతకం పెట్టి పంపేస్తుంది. అవతలివాడు తిరిగి ఏమీ లెక్కించనక్కర్లేదు. కీ సైజు పెంచినకొద్దీ భద్రత పెరుగుతుందని పెద్ద పెద్ద పారామీటర్లు పెట్టుకున్నవాళ్లకే దెబ్బ గట్టిగా తగిలింది. బయటపడ్డ లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్యను సీవీఈ అంటారు, ఈ లోపానికి దక్కిన సీవీఈ నంబరు 2002-20001. పేరు కొత్తదే గానీ జబ్బు పాతదని ఆ నంబరులోని సంవత్సరమే చెబుతోంది.

విస్తరి ముందా, పేరు ముందా

రెండో రకం లోపాలు మెమరీకి సంబంధించినవి. వచ్చినవాడెవరో, భోజనానికి కూర్చుంటాడో లేదో తెలియకముందే విస్తర్లు వేసుకుంటూ పోతే ఏమవుతుంది? అసలు చుట్టాలు వచ్చేసరికి పంక్తిలో చోటుండదు.

టీఎల్‌ఎస్ హ్యాండ్‌షేక్ సందేశం మొదట్లో దాని పొడవు చెప్పడానికి మూడు బైట్లుంటాయి. మూడు బైట్లలో దాదాపు 16 మెగాబైట్ల దాకా చెప్పుకోవచ్చు. అంత పెద్ద సందేశం ఎవరికీ అవసరం లేదు కాబట్టి, చాలా సర్వర్లు టీఎల్‌ఎస్ కోసం వాడే లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హద్దు చూసే కోడ్ ఉంది. 1.1.0 వెర్షన్‌లో అది ఒక్క మెట్టు ఆలస్యంగా పనిచేసింది. ముందు మెమరీ కేటాయించి, తర్వాత "ఇంత పెద్దదా!" అని చూసేది. 2016 సెప్టెంబరు 22న దీన్ని సరిచేస్తూ 1.1.0ఏ విడుదల చేశారు. ఆ సవరణతో కొత్త తప్పు పుట్టింది. సందేశం 16 కిలోబైట్లు దాటితే బఫర్ వేరేచోటికి మారేది, పాత చిరునామా పట్టుకున్న పాయింటర్ మాత్రం అక్కడే ఉండిపోయి ఖాళీ చేసిన చోట రాసేది. మొదటి లోపాన్ని తక్కువ తీవ్రతగా లెక్కగట్టినవాళ్లు రెండోదానికి "క్రిటికల్" ముద్ర వేసి, నాలుగు రోజులకే 26న 1.1.0బీ తెచ్చారు. పెనం మీంచి పొయ్యిలో పడడమంటే ఇదే. ప్యాచ్ వచ్చిందంటే వెంటనే వేయాలా, నాలుగు రోజులు ఆగాలా అని అడ్మిన్లు తర్జనభర్జన పడేది ఇలాంటి అనుభవాల వల్లే.

అదే విడతలో మరో లోపం బయటపడింది. సర్టిఫికెట్ చెల్లుబాటును తెలుసుకునే ఓసీఎస్‌పీ విన్నపాన్ని క్లయింట్ బాగా ఉబ్బించి పంపి, హ్యాండ్‌షేక్‌ను మళ్లీ మళ్లీ చేయిస్తూ పోతే, ప్రతిసారీ సర్వర్ మెమరీ పెరిగేదే తప్ప తరిగేది కాదు. ఓసీఎస్‌పీ అసలు వాడని సర్వర్లు కూడా డిఫాల్ట్ అమరికలో ఈ వలలో పడ్డాయి. వాడని తలుపును మూసిపెట్టకపోతే దొంగకు అదీ తలుపే.

ఇది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఒక్కదాని కథ కాదు. సర్వర్ ప్రోగ్రాంలను నడిపే నోడ్ జేఎస్‌లో 2021లో దిద్దిన లోపం చూడండి. హెచ్‌టీటీపీ/2 సర్వర్‌కు తెలియని ప్రోటోకాల్ పేరు చెబుతూ కనెక్షన్లు తెరుస్తూ పోతే, ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ఫైల్ డిస్క్రిప్టర్ విడుదల కాకుండా మిగిలిపోయేది. కోటా అయిపోయాక సర్వర్ కొత్త కనెక్షన్ తీసుకోలేదు, ఫైల్ కూడా తెరవలేదు. 2024లో టామ్‌క్యాట్ వెబ్ సర్వర్‌లో హ్యాండ్‌షేక్‌ను దుర్వినియోగం చేసి మెమరీ మొత్తం అయిపోయేలా చేసే లోపం దిద్దారు.

ఒక్క మాటకు కుప్పకూలడం

మూడో రకానికి వేలసార్లు తట్టే పనే లేదు. సరైన చోట ఒక్కసారి తడితే చాలు. లెక్క తప్పి ఎప్పటికీ ముగియని లూప్‌లో పడడం, లేని చిరునామా చదవబోయి క్రాష్ కావడం ఇందులోకి వస్తాయి.

వీటిలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచింది 2022 మార్చి 15న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ దిద్దిన సీవీఈ-2022-0778. కనిపెట్టింది గూగుల్ పరిశోధకుడు టావిస్ ఓర్మండీ. గుప్తలిపిలో వాడే ఎలిప్టిక్ కర్వ్ మీది బిందువును కుదించి రాసేటప్పుడు ఎక్స్ విలువ మాత్రం పూర్తిగా రాసి, వై విలువకు ఒక్క బిట్ గుర్తు పెడతారు. చదివేవాడు వర్గమూలం కట్టి వై తెచ్చుకోవాలి. ఇది మామూలు వర్గమూలం కాదు, ఒక ప్రధాన సంఖ్య మాడ్యులోలో కట్టాల్సింది. ఆ సంఖ్య నిజంగా ప్రధానమైతే లెక్క ఠంచనుగా ముగుస్తుంది. కాకపోతే? లోపలి లూప్ తిరుగుతూనే ఉంటుంది. కర్వ్ పారామీటర్లను సర్టిఫికెట్‌లోనే విడమరిచి రాసుకునే వీలుంది కాబట్టి, దాడి చేసేవాడు ప్రధానం కాని సంఖ్యను అందులో పెట్టి పంపొచ్చు. అసలు కీలకం ఇక్కడుంది. సర్టిఫికెట్‌ను విప్పి చదవడం సంతకాన్ని పరీక్షించడానికన్నా ముందు జరుగుతుంది. ఏ అధికార సంస్థా ఆమోదించని దొంగ సర్టిఫికెట్ అయినా సరే, అది దొంగదని తేలేలోపే ప్రోగ్రాం సుడిలో చిక్కుకుంటుంది. క్లయింట్ సర్టిఫికెట్ అడిగే సర్వర్లన్నీ దీని పరిధిలోకి వచ్చాయి.

దీని నష్టం ఎంతో చిన్న లెక్క వేసి చూద్దాం. ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి సర్వర్ ప్రాసెసర్ కోర్‌కు ఒకటి చొప్పున వర్కర్లను పెట్టుకుని, ఒక్కో వర్కర్‌తో వేల కనెక్షన్లు నడిపిస్తుంది. ఎనిమిది కోర్ల మెషీన్‌లో ఎనిమిది వర్కర్లు. ఒక్కో వర్కర్ ఒక్క కనెక్షన్ దగ్గర అనంతమైన లూప్‌లో పడితే, ఎనిమిది కనెక్షన్లతో సర్వర్ మొత్తం నిలిచిపోతుంది. ఫైర్‌వాల్‌లో సెకనుకు ఇన్ని కనెక్షన్లని ఎంత గట్టి హద్దు పెట్టుకున్నా ఎనిమిదిని ఏ హద్దు ఆపుతుంది?

ఇలాంటివి ఇతర చోట్లా ఉన్నాయి. 2021లో జెట్టీ అనే వెబ్ సర్వర్‌లో 17,408 బైట్లకు మించిన చెల్లని టీఎల్‌ఎస్ ఫ్రేమ్ వస్తే సీపీయూ నూరు శాతానికి ఎక్కేది. అదే ఏడాది, ప్రత్యేకంగా తయారుచేసిన ప్యాకెట్‌తో టామ్‌క్యాట్‌లో అనంతమైన లూప్ పుడుతుందని తేలింది. 2016 నాటి "ఎస్‌ఎస్‌ఎల్ డెత్ అలర్ట్" మరీ చిత్రం. హ్యాండ్‌షేక్ మధ్యలో క్లయింట్ హెచ్చరిక సందేశాలు ఎన్ని పంపినా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వినయంగా ఒక్కోటీ చదివి పక్కన పెట్టేది. ఇక చాలని చెప్పడం దానికి నేర్పలేదు.

రెండోసారి పలకరింపు

ఈ చరిత్రలో ఒక్క సదుపాయాన్ని విడిగా నిలబెట్టి చూడాలి. అది రీనెగోషియేషన్, అంటే కుదిరిన కనెక్షన్‌లోనే మళ్లీ కొత్తగా హ్యాండ్‌షేక్ చేసుకోవడం. దాని పుట్టుకకు న్యాయమైన కారణాలున్నాయి. సైట్ అంతా అందరికీ తెరిచి ఉంచి ఒక్క విభాగానికి మాత్రం క్లయింట్ సర్టిఫికెట్ అడగాలంటే, ఎవరు ఏ పేజీ కోరుతున్నారో తెలిశాకే అడగాలి. అప్పటికి హ్యాండ్‌షేక్ అయిపోయి ఉంటుంది కాబట్టి మళ్లీ చేయాలి.

2009లో ఈ సదుపాయంలోంచి దాడి చేసేవాడు అవతలివాడి సంభాషణ మొదట్లో తన మాటలు చొప్పించే వీలుందని బయటపడింది. అది డాస్ లోపం కాదు గానీ ఉపద్రవాలకు నాంది. ఎన్‌జిన్‌ఎక్స్ ఆ ఏడాదే రీనెగోషియేషన్‌ను ఆపేసింది. మిగతావాళ్లు మరమ్మతు దారి పట్టారు, 2010లో సురక్షిత రీనెగోషియేషన్ ప్రమాణం వచ్చింది. తర్వాత జరిగిందేమిటి? 2011లో హ్యాకర్స్ చాయిస్ ప్రోగ్రాం ఒకే కనెక్షన్‌లో మళ్లీ మళ్లీ హ్యాండ్‌షేక్ చేయించి సర్వర్‌ను అలిసిపోగొట్టింది. 2015 మార్చిలో, రెండో హ్యాండ్‌షేక్‌లో చెల్లని సంతక పద్ధతుల జాబితా పంపితే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.2 సర్వర్ క్రాష్ అయ్యేది. 2016 నాటి ఓసీఎస్‌పీ మెమరీ లోపం ఇందాక చూసిందే, అదీ రీనెగోషియేషన్ మీదుగా వచ్చిందే. 2017 ఫిబ్రవరిలో, మొదటి హ్యాండ్‌షేక్‌లో లేని ఒక ఎక్స్‌టెన్షన్‌ను, అంటే హలోకు జోడించే అదనపు అంశాన్ని, రెండోదాంట్లో కుదుర్చుకుంటే క్రాష్.

2019 జనవరిలో వంతు అపాచీ వెబ్ సర్వర్‌ది. 2.4.37 వెర్షన్‌ను ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1తో కలిపి నడిపితే, రీనెగోషియేషన్ విన్నపంతో దాని టీఎల్‌ఎస్ భాగమైన మాడ్ ఎస్‌ఎస్‌ఎల్ లూప్‌లో పడేది. ఏ ఒక్కదాన్నీ విడిగా తప్పుపట్టలేం. రెండింట్లో జరిగిన మార్పులు ఒకదానికొకటి పొసగలేదు. 2021 మార్చి 25న మళ్లీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్. రెండో హలోలో సంతక పద్ధతుల ఎక్స్‌టెన్షన్ మానేసి, దాని సోదర ఎక్స్‌టెన్షన్‌ను మాత్రం పంపితే సర్వర్ క్రాష్ అయ్యేది. 2015లో జారిన చోటుకు కూతవేటు దూరంలోనే ఆరేళ్ల తర్వాత మళ్లీ జారారు.

ఒకే మూలన ఇన్నిసార్లు కాలు జారడం యాదృచ్ఛికం కాదు. కోడ్ రాసేవాడు "ఈ సమాచారం ఇప్పుడే మొదటిసారి వస్తోంది" అనే ఊహతో రాస్తాడు. రీనెగోషియేషన్ ఆ ఊహను తిరగేస్తుంది. మొదటి హ్యాండ్‌షేక్ మిగిల్చిన జ్ఞాపకాలు రెండోదాని నేల మీద పడి ఉంటాయి. ఏది పాతదో ఏది కొత్తదో ప్రతి ఫీల్డ్ దగ్గరా గుర్తుపెట్టుకోవాలి, ఒక్కచోట మరిస్తే చాలు. టీఎల్‌ఎస్ 1.3 రూపకర్తలు మరమ్మతుల దారి వదిలేసి ఈ సదుపాయాన్నే పీకేశారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! అయినా 1.2 ఇంకా వాడుకలో ఉన్నంతకాలం ఈ చింత పులుపు పూర్తిగా చావదు.

మందులు, వాటి దుష్ఫలితాలు

నివారణకు ఇప్పటిదాకా చెప్పిన మార్గాలను మూడు బాటలుగా చూడొచ్చు.

మొదటిది గుమ్మం దగ్గర ఖర్చు తగ్గించుకోవడం. 1996 సెప్టెంబరులో న్యూయార్క్ ఇంటర్నెట్ సంస్థ ప్యానిక్స్ మీద, టీఎల్‌ఎస్‌కు కింద ఉండే టీసీపీ స్థాయిలో, ఇలాంటి దాడే జరిగింది. సగం తెరిచిన కనెక్షన్లతో సర్వర్ పట్టికలు నింపేశారు. దానికి మందుగా వచ్చిన సిన్ కుకీల ఆలోచన చాలా సొగసైంది. సర్వర్ గుర్తుపెట్టుకోవాల్సినదాన్ని తన దగ్గర ఉంచుకోకుండా, చీటీలో రాసి అవతలివాడి చేతికే ఇచ్చి, తిరిగి తెస్తేనే లోపలికి రానిస్తుంది. టీఎల్‌ఎస్ 1.3లో మళ్లీ హలో చెప్పమని అడిగేటప్పుడు పంపే కుకీ, క్విక్ అనే రవాణా ప్రోటోకాల్‌లోని రీట్రై టోకెన్ ఆ చీటీ సంతానమే. 2021లో ప్రమాణమైన క్విక్ ఇంకో షరతు పెట్టింది. అవతలి చిరునామా నిజమైనదని తేలేదాకా, అందుకున్న బైట్లకు మూడు రెట్లకు మించి సర్వర్ పంపకూడదు.

రెండోది అవతలివాడి ఖర్చు పెంచడం. 2001లో డీన్, స్టబుల్‌ఫీల్డ్ అనే పరిశోధకులు టీఎల్‌ఎస్‌కు క్లయింట్ పజిళ్లు ప్రతిపాదించారు. హడావిడి పెరిగినప్పుడు సర్వర్ ఒక చిక్కు లెక్క ఇస్తుంది, చేసుకొస్తేనే ముందుకు. కాగితం మీద న్యాయంగానే ఉంది. ఆచరణలో పాత ఫోన్ పట్టుకున్న మామూలు మనిషి ఆ లెక్క దగ్గర నలిగిపోతాడు. వేల కంప్యూటర్లను లొంగదీసుకున్నవాడికి అది చీమకుట్టినట్టు కూడా ఉండదు. ఈ మార్గం ప్రమాణంలోకి ఎక్కకపోవడం మంచిదే అయిందని నా అభిప్రాయం.

మూడోది కోడ్‌ను బాగుచేయడం. యంత్రంతో లక్షలకొద్దీ వంకర ఇన్‌పుట్‌లు తినిపించి చూసే ఫజింగ్, కోడ్‌ను నడపకుండానే చదివి తప్పులు పట్టే స్టాటిక్ అనాలిసిస్ ఈ కోవలోవి. 2020 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో దిద్దిన ఒక క్రాష్‌ను జీసీసీ కంపైలర్‌లోని కొత్త విశ్లేషణ సాధనమే పట్టించింది. ఇక సీ భాష వదిలి రస్ట్, గో లాంటి భాషల్లో రాస్తే బాధే ఉండదనే వాదం ఈమధ్య గట్టిగా వినిపిస్తోంది. అందులో సగం నిజం. పాత పాయింటర్ పట్టుకుని వేలాడే తప్పులు వాటిలో అరుదు. కానీ 2024 ఏప్రిల్‌లో రస్ట్‌లో రాసిన రస్ట్‌ఎల్‌ఎస్‌లోనే, నెట్‌వర్క్ నుంచి వచ్చే ఒకరకం ఇన్‌పుట్‌తో అనంతమైన లూప్ పుట్టే లోపం దిద్దారు. 2023 ఆగస్టులో గో భాష టీఎల్‌ఎస్ లైబ్రరీ, సర్టిఫికెట్లలో బ్రహ్మాండమైన ఆర్‌ఎస్‌ఏ కీలు పెట్టి లెక్కలతో చంపే దాడిని ఆపడానికి 8,192 బిట్ల హద్దు పెట్టింది. ఏ చిరునామా తాకకూడదో భాష చెప్పగలదు. ఎంతసేపు పనిచేయాలో, ఎక్కడ ఆగాలో రాసేవాడే చెప్పాలి.

వీటితోపాటు చాలామంది పట్టిన దారి, సైట్ల తరఫున కనెక్షన్లు అందుకునే పెద్ద సీడీఎన్ సంస్థ వెనక దాక్కోవడం. హ్యాండ్‌షేక్ భారమంతా వాళ్లు మోస్తారు. అయితే ఎన్‌క్రిప్షన్ అక్కడే విడిపోతుంది కాబట్టి మన గుట్టు కూడా వాళ్ల చేతిలో పెట్టినట్టే. ఆ బేరం అందరికీ కుదరదు.

ముందున్నది

రాబోయే క్వాంటం కంప్యూటర్లను తట్టుకునే కొత్త కీ మార్పిడి పద్ధతికి అమెరికా ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టులో ఆమోదముద్ర వేసింది. ఆ పద్ధతిలో ఒక రకమైన ఎంఎల్-కెమ్-768లో లెక్క వేగంగానే అవుతుంది, బరువంతా సైజుది. పబ్లిక్ కీ ఒక్కటే 1,184 బైట్లు. నిన్నటిదాకా ఒకే ప్యాకెట్‌లో ఒదిగిన క్లయింట్ హలో ఇప్పుడు రెండింట్లోకి పొంగుతోంది. మొదటి సగం అందుకుని రెండో సగం కోసం సర్వర్ ఎదురుచూడాలి. ఎంతసేపు, ఎందరి కోసం? గుమ్మం దగ్గర గుర్తుపెట్టుకునే భారం తగ్గించడానికి పాతికేళ్లు పట్టింది, అది మళ్లీ కొంత వెనక్కి వస్తోంది.

చట్టం సంగతి కూడా ఒక మాట. మన ఐటీ చట్టం 43వ సెక్షన్, అర్హత ఉన్నవాడికి కంప్యూటర్ అందకుండా చేయడాన్ని స్పష్టంగా తప్పు అంటోంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. 2022 ఏప్రిల్ 28న ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం డాస్ దాడిని గుర్తించిన ఆరు గంటల్లోపు తెలియజేయాలి. లాగ్ ఖాళీగా ఉన్నచోట ఆ ఆరు గంటలు ఎప్పుడు మొదలయ్యాయో చెప్పడమే కష్టం.

"డేటా ఏమీ పోలేదుగా, ఉత్త డాసే కదా" అనే మాట ఈ రంగంలో తరచూ వినిపిస్తుంది. రిజల్టు కోసం ఫోన్ పట్టుకుని కూర్చున్న పిల్లకైనా, ఆస్పత్రి కౌంటర్‌లో బిల్లు కోసం నిలబడ్డ మనిషికైనా సర్వర్ తెరుచుకోకపోవడమే అసలు నష్టం. కాబట్టి కొత్త ఎక్స్‌టెన్షన్, కొత్త పద్ధతి ఏది వచ్చినా మొదట అడగాల్సింది అది ఎంత బలమైన తాళమని కాదు. వచ్చినవాడెవరో తెలిసేలోపు దాని కోసం మనం ఎంత ఖర్చు పెడతామని.

ఆ శనివారం తర్వాత మేం రీనెగోషియేషన్ ఆపేశాం, హ్యాండ్‌షేక్‌కు గడువు పెట్టాం. వీటన్నిటికన్నా పనికొచ్చింది ఒక గ్రాఫ్. సెకనుకు ఎన్ని హ్యాండ్‌షేక్‌లు మొదలవుతున్నాయో ఒక గీత, ఎన్ని పూర్తవుతున్నాయో ఇంకో గీత. రెండూ కలిసి ఎగబాకితే జనం వచ్చారని లెక్క, ఇంకో సర్వర్ జోడించేవాళ్లం. మొదటి గీత లేచి రెండోది నేల పాకితే లాగ్ తెరిచే పని పెట్టుకోకుండా నేరుగా గుమ్మం దగ్గరికే వెళ్లేవాళ్లం.